ఇంటి పిల్లులకు దుమ్ము తక్కువ లేచే లిట్టర్

సభ్యులందరికీ నమస్కారం.

ఇంట్లోనే ఉండే పిల్లికి లిట్టర్ (పిల్లి మలమూత్రాలు విసర్జించే ట్రేలో పోసే మట్టి లేదా గుళికలు) ఎంచుకునేటప్పుడు వాసన కంటే ముందు దుమ్మును చూడవలసిందిగా కోరుతున్నాను. ట్రేలో తవ్వేటప్పుడు పిల్లి ముక్కు ఆ దుమ్ములోనే ఉంటుంది కాబట్టి, ఆస్తమా ఉన్న పిల్లికి దానివల్ల దగ్గు, ఆయాసం ఎక్కువ కావచ్చు. సంచి మీద "దుమ్ము లేనిది" అని రాసి ఉన్నా, ఎండ పడే చోట గ్లాసెడు లిట్టర్‌ను జానెడు ఎత్తు నుంచి ట్రేలోకి వంపి, వెలుగులో ఎంత పొడి తేలుతుందో, అది ఎంతసేపటికి అణుగుతుందో మీ కళ్లతో చూసుకోండి.

తడి తగిలితే గడ్డకట్టే బెంటొనైట్ మట్టి శుభ్రం చేయడానికి అనువైనదే. కానీ కొన్ని రకాల్లో దుమ్ము బాగా లేస్తుంది; పైగా ప్రతిదాన్నీ నోట పెట్టుకునే 4 నెలల లోపు కూనలు దాన్ని మింగితే పేగుల్లో అడ్డుపడే ప్రమాదం ఉంది కనుక, వాటికి గడ్డకట్టని కాగితపు గుళికలే మేలని నా అభిప్రాయం. పరిమళం కలిపినవి వద్దు. కొత్త రకాన్ని పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ వారం, పది రోజుల్లో మార్చండి. హఠాత్తుగా మారిస్తే పిల్లి ట్రేనే వదిలేయవచ్చు.

మెడ చాచి, నేలకు వంగి పదే పదే దగ్గుతుంటే పశువైద్యుడికి చూపించండి. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే మాత్రం ఒక్క గంట కూడా ఆగవద్దు.