నాన్న గురించి రాయమన్నావు కదా

మస్కట్

తమ్ముడికి, అమ్మకి, మరదలికి, పిల్లలకి ప్రభువు నామంలో వందనాలు.

నేను బాగున్నాను. డ్యూటీలు ఎప్పటిలాగే, ఎండలు ముదిరాయి, అంతకుమించి ఇక్కడి కబుర్లేం లేవు.

నాన్న జ్ఞాపకార్థ కూడికకి వేయించే కరపత్రం నమూనా చదివాను. గొప్ప దైవజనులు, ప్రార్థనావీరులు అని ఉంది. ఏ పాస్టరు పోయినా ఇవే వేస్తారు కదురా. నిజానికి నాన్న గొప్ప ప్రసంగీకుడేం కాదు. తెలుగు, ఒడియా, కొండ ఊళ్ళకి వెళ్తే నాలుగు సవర భాష ముక్కలు, అన్నీ కలిపి ఇరవై నిమిషాల్లో ముగించేవారు. ఆయన పనితనం తెలియాలంటే ఏటి దగ్గర చూడాలి. అది రాయించు.

మన ఏరు మహేంద్రతనయలో బాప్తిస్మాలంటే ముందురోజు సాయంత్రమే వెదురుకర్ర పట్టుకుని వెళ్ళేవారు. నీళ్ళు నడుం లోతు ఉండాలి. తక్కువైతే మనిషి పూర్తిగా మునగడు, రొమ్ముదాకా వస్తే పొట్టివాళ్ళకి కాళ్ళు తేలిపోయి భయపడతారు. ట్రాక్టర్లు ఇసుక తోడుకుపోయాక అడుగున గోతులు పడ్డాయి గదా, అందుకని చెప్పుల్లేకుండా ఆ జాగా అంతా తొక్కి చూసి, బాగున్నచోట నాలుగు కర్రలు పాతేవారు. వేసవిలో ఏరు సన్నబడితే కిందవైపు ఇసుక బస్తాలు అడ్డం వేయించి నీళ్ళు నిలబెట్టేవారు.

ముంచేటప్పుడు తల ఎప్పుడూ ఎగువకే, కాళ్ళు దిగువకి. అటుదిటు చేస్తే పారే నీరు తిన్నగా ముక్కుల్లోకి ఎక్కుతుంది. తల ఎగువకి ఉంటే నీళ్ళు నెత్తిమీంచి జారిపోతాయి, పైకి లేపేటప్పుడు ప్రవాహమే వీపుని తోస్తుంది, లావుపాటి మనిషైనా ఒక్క చేత్తో లేస్తాడు. ఒక చెయ్యి మెడకింద, రెండోది వాళ్ళు ముక్కుకి పట్టుకున్న చేతిరుమాలు మీద. తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామం అంతా చెప్పేశాక, ఊపిరి పట్టు అని ఒక్కమాట అని, అప్పుడు ముంచేవారు. మాటలు చెబుతూ ముంచితే మనిషి ఆమేన్ అనబోయి నీళ్ళు తాగుతాడు. ఆడవాళ్ళ చీర కుచ్చిళ్ళు తేలకుండా మోకాళ్ళ కింద నాడాతో కట్టించడం, గట్టుమీద రెండు చీరలు తెరకట్టి పొడి తువ్వాళ్ళతో నిలబడడం అమ్మ పని. తెల్లవారుజామునే చెయ్యాలని పెద్దలు పట్టుబట్టినా ఆయన తొమ్మిదిదాకా కదిలేవారు కాదు. ఎండ పొడిస్తే ఎవరికీ జలుబు చెయ్యదని.

అమ్మ బీపీ మాత్ర పొద్దున్న వేసుకుంటోందా, మళ్ళీ మర్చిపోతోందా? అట్టమీద వారాల పేర్లున్నవే కొను. ఆవిడని నా దగ్గరికి తెచ్చుకోమని నువ్వు రెండోసారి రాశావు. నేను వద్దన్నానా? ఈ నాలుగు గోడల మధ్య, నేను నైట్ డ్యూటీకి పోతే ఎవరితో మాట్లాడుతుంది? అక్కడైతే వీధిలో ప్రతివాళ్ళూ అమ్మగారూ అని పలకరిస్తారు. కోపం తెచ్చుకోకు.

పిడికిలి బియ్యం సంగతి కూడా వేయించు. వండేముందు పూటకో పిడికెడు చర్చికని తీసిపెడితే ఇంటికి వారానికి అరకిలో దాటుతుంది. మన పర్లాకిమిడిలో చిక్కేమిటంటే సగం ఇళ్ళు ఉప్పుడు బియ్యం తింటాయి, సగం పచ్చి బియ్యం. రెండూ కలిస్తే ఒకటి ఉడికేసరికి రెండోది గంజి అయిపోతుంది. అందుకే చర్చి గుమ్మం దగ్గర రెండు డబ్బాలు, రెండు కొలతలు, అడుగున ఎండిన వేపాకు. కానుక తెచ్చినవాళ్ళని ఆపి మరీ, ఇది ఏ బియ్యం అమ్మా అని అడిగేవారు. దేవుడికిచ్చేదానికి ఇంత విచారణా అని నవ్వినవాళ్ళున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మన జిల్లామీద పడ్డాక, చర్చిలో తలదాచుకున్నవాళ్ళకి రెండు పొయ్యిలమీద వేరువేరుగా వండి పెట్టగలిగింది ఆ డబ్బాల వల్లనే.

ఇంట్లోనూ అంతే. సోమవారం సంఘం పని పెట్టుకునేవారు కాదు. తన తెల్లచొక్కాలు తనే ఉతికి, గంజిపెట్టి, సంచి పట్టుకుని అమ్మతో సంతకి వెళ్ళేవారు. బేరం మాత్రం అమ్మదే. ఆయనకి వదిలేస్తే అడిగినంతా ఇచ్చేసి వస్తారని ఆవిడ భయం.

ఇంకో ముఖ్యమైన పని. ఆకుపచ్చ ట్రంకుపెట్టెలో పెళ్ళిళ్ళ రిజిస్టరు ఉంది. అది మనది కాదు. 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద రాసిన పుస్తకం, నిండకముందే పాస్టరు మారితే తర్వాత వచ్చినవారికి అప్పగించాలి. ఇచ్చి రసీదు రాయించుకో. ఇచ్చేముందు ఒక్కో పేజీ చూడు. వధూవరుల సంతకాలు, ఇద్దరు సాక్షులవి, నాన్నది ఉండాలి. పక్కన సర్టిఫికెట్ భాగం చింపి ఉంటుంది, నెలలోపు వివాహ రిజిస్ట్రారుకి పంపాల్సింది అదే. ఎక్కడైనా చింపకుండా మిగిలి ఉంటే ఆ పేజీకి గుర్తుపెట్టి కొత్త అయ్యగారికి చూపించు. నాన్న అలా వదిలే మనిషి కాదుగాని, ఆఖర్న ఆస్పత్రిలో చేరేముందు చేసిన పెళ్ళిళ్ళవి చూడాలి.

రిజిస్టరులో పేర్లు ఆయన వధూవరుల పదోతరగతి సర్టిఫికెట్లు చూసి అక్షరం అక్షరం దింపేవారు. మనవాళ్ళు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడియా కాగితాల్లో అది చివరికి పోతుంది, పాస్‌పోర్టు దగ్గర తిప్పలు అక్కడే మొదలవుతాయి. ముహూర్తం గొడవ లేకపోయినా చట్టం ప్రకారం పొద్దున్న 6 నుంచి సాయంత్రం 7 లోపే పెళ్ళి చెయ్యాలి గదా, అందుకని పాతపట్నం అవతల నుంచి వచ్చే పెళ్ళివారికి కార్డుమీద ఉదయం పది అనే వేయించమనేవారు. వాళ్ళు మూడింటికి వచ్చినా ఇంకా టైముండేది. చీకటిపడ్డాక వచ్చి, ఈ ఒక్కసారికీ అయ్యగారూ అని బతిమాలినవాళ్ళకి భోజనం పెట్టించి, పడుకోబెట్టి, మర్నాడు పొద్దున్నే చేశారు. అమ్మనడుగు, ఎవరో చెబుతుంది.

ఈ కాగితం కరపత్రంలో పట్టదని పెద్దలంటే విశేషణాలు తీసెయ్యమను, చోటు దొరుకుతుంది. ఫొటో మాత్రం కోటు వేసుకున్నది వద్దు, అది స్టూడియోవాళ్ళ కోటు. చిన్నదాని పుట్టినరోజుకి తీసింది, ముడతల లుంగీతో ఉన్నది, అమ్మ ఒప్పుకుంటే అదే వేయించు.

డబ్బు శుక్రవారం ఆరాధన అయ్యాక పంపుతాను. కుర్చీలకీ భోజనాలకీ ఎంతవుతుందో ముందే కనుక్కుని చెప్పు. రిజిస్టరు రసీదు ఫొటో తీసి పంపడం మరిచిపోకు.

మీ అక్క