విశాఖకు రెండు రోజులు చాలు, అరకు కలపకపోతే

సంపాదకులకు,

అయ్యా,

శుక్రవారం సాయంత్రం రైలెక్కి సోమవారం ఉదయానికి మళ్లీ పనిలో ఉండాలనుకునే కుటుంబాలకు విశాఖపట్నం చక్కగా కుదిరే ఊరు. అయినా చాలామంది అనుకున్నదానికి రెట్టింపు ఖర్చుపెట్టి, ఒళ్లు హూనం చేసుకుని తిరిగి వెళ్తున్నారు. రెండు రోజుల్లోనే అరకును కూడా ఇరికించాలని చూడటమే దీనికి ముఖ్య కారణం. కిరండూల్ వైపు వెళ్లే ప్యాసింజర్ విశాఖలో ఉదయం ఏడులోపే కదులుతుంది, అరకు చేరేసరికి పదకొండు కావస్తుంది, తిరుగు బండి ఊళ్లోకి వచ్చేది రాత్రికి. అంటే ఒక రోజంతా రైలుకే సరి, ఆదివారం వెళ్తే సాయంత్రం హైదరాబాద్ బండి అందదు. అందుకని కారు మాట్లాడుకుంటారు, బడ్జెట్ కాస్తా అక్కడే తప్పుతుంది. అరకు, బొర్రా గుహలు మూడో రోజు చేతిలో ఉన్నప్పటి మాట. రెండు రోజులే ఉంటే రేవు, పాత ఊరు, బీచ్ రోడ్డు చూస్తే చాలు. వీటిలో ఎక్కువ భాగానికి టికెట్టే లేదు.

ముందు రైలు సంగతి. రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు తెరుచుకుంటుంది. శుక్రవారం టికెట్టు దొరికిన ఉత్సాహంలో చాలామంది మరిచిపోయేది తిరుగు టికెట్టు. ఆదివారం ప్రయాణానికి బుకింగ్ రెండు రోజుల తర్వాత తెరుచుకుంటుంది కాబట్టి ఆ తేదీని కూడా అప్పుడే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాలి. హైదరాబాద్ నుంచి గోదావరి సాయంత్రం బయలుదేరి తెల్లవారుజామున దింపుతుంది. ఆఫీసు వదిలేసరికి ఆలస్యమయ్యే వాళ్లకు గరీబ్‌రథ్ నయం, రాత్రి ఎక్కి ఉదయం దిగొచ్చు. ఈ రెండూ విశాఖలోనే మొదలై అక్కడే ముగిసే బండ్లు. తిరుగు ప్రయాణానికి ఇలా విశాఖలో మొదలయ్యే బండినే చూసుకోవడం మంచిది, బెర్తుల కోటా ఎక్కువ. వెయిటింగ్ లిస్టులో ఉంటే పక్కనున్న అక్షరాలు చూడండి. జీఎన్‌డబ్ల్యూఎల్ (జనరల్ వెయిటింగ్ లిస్టు) అయితే కన్ఫర్మ్ అయ్యే అవకాశం బాగానే ఉంటుంది, పీక్యూడబ్ల్యూఎల్ (మధ్య స్టేషన్లకు కలిపి ఇచ్చే కోటా) అయితే దాన్ని నమ్ముకోవద్దు. తత్కాల్ బుకింగ్ ప్రయాణానికి ముందు రోజు ఏసీకి ఉదయం 10కి, స్లీపర్‌కు 11కి తెరుచుకుంటుంది. ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ముందే జతచేసి ఉండాలి, ఆ పూట చేద్దామంటే కుదరదు. కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్టు రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదు.

విజయవాడ వాళ్లకు రత్నాచల్ ఉదయం ఎక్కితే మధ్యాహ్నానికి విశాఖ. కూర్చునే తరగతిలో మనిషికి 200 రూపాయల లోపే. కానీ తిరుగు రత్నాచల్ కూడా మధ్యాహ్నమే కదులుతుంది, దాన్ని పట్టుకుంటే ఆదివారం సగం పోతుంది. వచ్చేటప్పుడు రత్నాచల్, వెళ్లేటప్పుడు సాయంత్రం బండి అనుకుంటే సరిపోతుంది. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు ఆర్టీసీ బస్సే చాలు.

దువ్వాడ గురించి ఒక మాట. విశాఖ స్టేషన్‌లోకి వచ్చిన బండి హౌరా వైపు పోవాలంటే ఇంజన్ అటు నుంచి ఇటు మార్చాలి. ఆ ఆలస్యం లేకుండా కొన్ని దూరప్రయాణం బండ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడలో ఆగి బయటి నుంచే వెళ్లిపోతాయి. దువ్వాడ నుంచి ఊరు 17 కిలోమీటర్ల పైనే. తెల్లవారుజామున నలుగురితో, సామానుతో అక్కడ దిగితే ఆటోకు పెట్టే డబ్బు టికెట్టులో మిగిలినదాన్ని మింగేస్తుంది. టికెట్టు తీసుకునేటప్పుడే దిగే స్టేషన్ పేరు చదువుకోవాలి.

గది విషయంలో బీచ్ రోడ్డు మోజు వద్దు. సముద్రం కనిపించే గదికి ఎక్కువ అద్దె కట్టి, పగలంతా బయట తిరిగి, చీకటి పడ్డాక వచ్చి పడుకోవడమే జరుగుతుంది. డాబా గార్డెన్స్, ఆశీలమెట్ట, దొండపర్తి వైపు లాడ్జీలు చూసుకోండి. ఆర్టీసీ కాంప్లెక్స్ అని అందరూ పిలిచే ద్వారకా బస్ స్టేషన్ దగ్గర్లో ఉంటుంది, ఊళ్లో ఏ మూలకైనా బస్సు అక్కడి నుంచే దొరుకుతుంది. ఫోన్ చేసినప్పుడు అడగాల్సింది మొదట ఇది: 24 గంటల చెక్ అవుటా, మధ్యాహ్నం 12 చెక్ అవుటా? ఉదయం ఆరుకు రైలు దిగే కుటుంబానికి మధ్యాహ్నం పన్నెండు పద్ధతి అంటే ఆరు గంటల సేపు సామానుతో తిరగడం, లేదా ఒకటిన్నర రోజు అద్దె కట్టడం. 24 గంటల పద్ధతిలో శనివారం ఆరుకు దిగితే ఆదివారం ఆరు వరకు గది మీది. తర్వాత అద్దె 5 శాతం జీఎస్టీతో కలిపా, విడిగానా అన్నది అడగాలి. నలుగురికి ఒకే గది అయితే అదనపు పరుపుకు ఎంతో కూడా. పెద్దవాళ్లందరి గుర్తింపు కార్డులు అసలువి దగ్గర ఉండాలి. కన్ఫర్మ్ లేదా ఆర్‌ఏసీ టికెట్టు ఉంటే స్టేషన్ విశ్రాంతి గదులు కూడా ఐఆర్‌సీటీసీలో పీఎన్‌ఆర్‌తో దొరుకుతాయి, వారాంతాల్లో మాత్రం త్వరగా నిండిపోతాయి.

ఆదివారం గది ఖాళీ చేశాక సామాను స్టేషన్ క్లోక్ రూమ్‌లో పెట్టొచ్చు. తాళం లేని బ్యాగు అక్కడ తీసుకోరు, ప్రయాణ టికెట్టు చూపించాలి. రెండు చిన్న తాళాలు ఇంటి దగ్గరే బ్యాగులో వేసుకుంటే స్టేషన్ బయట వెతుక్కునే పని ఉండదు.

శనివారం ఉదయాన్ని ఫిషింగ్ హార్బర్‌కు ఇవ్వండి. ఆదివారమైతే ఊరంతా చేపలకు అక్కడికే వస్తుంది, నిలబడే చోటుండదు. శనివారం నీచు ముట్టని ఇళ్లు చాలా కాబట్టి చిల్లర బేరాల రద్దీ తక్కువ, వేలం పాటలు తీరుబడిగా చూడొచ్చు. ఎనిమిదిలోపు అక్కడ ఉండాలి. పొద్దెక్కితే సరుకంతా ఐసు పెట్టెల్లోకి, లారీల్లోకి వెళ్లిపోతుంది. నేల తడిగా, జారుడుగా ఉంటుంది కాబట్టి పట్టు ఉన్న చెప్పులు కావాలి. తోపుడు బండ్లకు, గంపలు మోసేవాళ్లకు దారి ఇవ్వాలి, అది వాళ్ల పనిచోటు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో మరపడవలన్నీ వరుసగా కట్టేసి ఉంటాయి, వేలం ఉండదు, హోటల్లో వంజరం, చందువ ధరలు పెరుగుతాయి. వేసవి సెలవుల్లో చేపల కోసమే వద్దామనుకునేవాళ్లు ఇది చూసుకోవాలి.

అక్కడి నుంచి పాత ఊరు, అంటే వన్ టౌన్. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి పైకప్పు ఉండదు, భక్తులు తమ చేతులతోనే అమ్మవారికి పూజ చేసుకోవచ్చు. మార్గశిర గురువారాల్లో మాత్రం రద్దీ విపరీతం. అక్కడికి దగ్గర్లోనే రేవు కాలువ ఒడ్డున మూడు కొండలు పక్కపక్కన: ఒకదాని మీద రాస్ హిల్ చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. మొత్తం ప్రయాణంలో ఒక్కచోటే చూడగలమంటే మా ఓటు ఈ కొండలకే. కింద ఇన్నర్ హార్బర్‌కు వెళ్లే సన్నని కాలువ, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. టగ్గులు, అంటే ఓడలను లాగే చిన్న పడవలు, ముందూ వెనకా ఉండి పెద్ద ఓడను ఆ ఇరుకులోంచి లోపలికి తీసుకెళ్తుంటే, కొండ మీదున్న వాళ్లకు డెక్ మీది మనుషులు కూడా కనిపిస్తారు. ఓడ రావడానికి గంట రెండు గంటలు పట్టొచ్చు కాబట్టి నీళ్లు, పిల్లలకు టోపీలు తీసుకెళ్లి, ఎండ ముదరకముందే ఎక్కాలి. గుడులు, చర్చి, దర్గా కాబట్టి నిక్కర్లు, మాటల హోరు తగవు. నౌకాదళం ఓడల వైపు కెమెరా తిప్పొద్దు, డ్రోన్ అసలే వద్దు.

ఈ రేవు 1933లో మొదలైంది. అలల తాకిడికి అడ్డుగోడగా జానస్, వెల్లెడ్‌సన్ అనే రెండు పాత ఓడలను డాల్ఫిన్స్ నోస్ దగ్గర కావాలనే ముంచారు. పిల్లలకు కొండ మీద నిలబడి చెప్పదగ్గ కథ ఇది. ఆర్.కె. బీచ్‌లో ఇసుక తరిగిపోవడానికీ ఈ రేవుకూ సంబంధం ఉంది. ఈ తీరం వెంట ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. రేవు గోడలు దాన్ని ఆపేయడంతో ఉత్తరాన ఉన్న బీచ్‌కు చేరాల్సిన ఇసుక చేరదు. అందుకే రేవులో తవ్విన ఇసుకను పైపుల్లో తెచ్చి బీచ్‌లో పోస్తుంటారు.

మధ్యాహ్నం భోజనం చేసి పడుకోండి, ముఖ్యంగా మే నెలలో. ఉక్కపోతలో మధ్యాహ్నం తిరిగితే సాయంత్రం పిల్లలు ఎక్కడా నిలవరు. మూడు దాటాక ఆర్.కె. బీచ్. కురుసుర జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ఒడ్డు మీద ప్రదర్శనశాలగా ఉంది. సోమవారం సెలవు. ఒకరోజు కలుపుకుని సోమవారానికి దాన్ని ఉంచుకున్నవాళ్లు గేటు దగ్గరే వెనుదిరగాల్సి వస్తుంది. లోపల గుండ్రని ఇరుకు గుమ్మాల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఇరుకు చోట ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు రోడ్డుకు అవతల 2017లో పెట్టిన టీయూ-142 విమానం చూడటం మేలు. చీకటి పడ్డాక బీచ్ రోడ్డులో మరమరాలతో చేసే మురీ మిక్చర్ తినకుండా విశాఖ వచ్చినట్టు కాదు.

నీళ్లలో దిగే విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. మోకాలి లోతు దాటొద్దు. అలలు విరుగుతున్న చోట్ల మధ్యలో ఒకచోట అల విరగకుండా నీరు ప్రశాంతంగా, కాస్త మట్టి రంగులో కనిపిస్తే చాలామంది అదే భద్రమైన చోటని దిగుతారు. ఒడ్డుకు వచ్చిన నీరంతా వెనక్కి లాక్కుపోయే దారి అదే. అందులో చిక్కితే ఒడ్డువైపు ఎదురీదకూడదు, ఎంత ఈతగాడైనా అలసిపోతాడు. నీటిమీద తేలుతూ చెయ్యెత్తి పిలవాలి, ఈదగలిగితే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ లాగుడు దాటాక ఒడ్డుకు తిరగాలి. యారాడ తీరం చూడ్డానికి అందంగా ఉంటుంది, స్నానానికి పనికిరాదు.

ఆదివారానికి భీమిలి, సింహాచలాల్లో ఒకటే ఎంచుకోవాలి. రెండూ ఊరికి వేర్వేరు దిక్కుల్లో ఉన్నాయి. సింహాచలానికి 28 నంబరు సిటీ బస్సు. భీమిలికి 900-కె నంబరు బస్సు, రైల్వే స్టేషన్ నుంచి కాంప్లెక్స్ మీదుగా వెళ్తుంది. భీమిలి అనుకుంటే ముందు ఎర్రమట్టి దిబ్బలు. నీడ ఉండదు కాబట్టి తొమ్మిదిలోపు చూసేయాలి, దిబ్బల అంచులెక్కి మట్టి రాల్చకూడదు. తర్వాత భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసేచోటు, డచ్చివారి సమాధులు. తిరుగు దారిలో తొట్లకొండ: బౌద్ధ భిక్షువులు రాతిలో నీళ్ల తొట్లు తొలిచిన కొండ, పేరు దానివల్లే. బస్సు కిందే దింపుతుంది, పైకి నడవాలి. ఓపిక లేకపోతే ఆర్.కె. బీచ్ నుంచి తొట్లకొండ వైపు తిరిగే డబుల్ డెక్కర్ విద్యుత్ బస్సులు 2025 ఆగస్టు నుంచి ఉన్నాయి. మధ్యాహ్నం రెండుకల్లా ఊళ్లో ఉంటే సాయంత్రం బండికి తొందర ఉండదు.

స్త్రీశక్తి పథకం కింద ఆంధ్రప్రదేశ్ మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు ఉచితం, గుర్తింపు కార్డు చూపాలి. తెలంగాణ నుంచి వచ్చే ఆడవాళ్లకు ఇది వర్తించదు, చిల్లర దగ్గర ఉంచుకోండి.

హైదరాబాద్ నుంచి వచ్చే నలుగురికి లెక్క ఇలా వేసుకోవచ్చు. స్లీపర్ రానుపోను మనిషికి 900 చొప్పున 3,600, గది పన్నుతో 1,575, తిండికి రోజుకు మనిషికి 350 చొప్పున 2,800, ఊళ్లో బస్సులు, ఆటోలకు 1,000, చూసేచోట్ల టికెట్లకు 600. మొత్తం 9,575. ఐదేళ్లలోపు పిల్లలకు బెర్తు అడగకపోతే టికెట్టు అక్కర్లేదు. ఇంటికి మాడుగుల హల్వా, ఏటికొప్పాక బొమ్మలు కొంటే అది వేరే.

తేదీ ఎంచుకునేటప్పుడు మూడు చూసుకోండి. అక్షయ తృతీయ నాటి సింహాచలం చందనోత్సవం, ఆషాఢ పౌర్ణమి వేళ 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ, నౌకాదళ దినోత్సవ విన్యాసాలు ఇక్కడ జరిగే రోజు. ఈ రోజుల్లో గదులు దొరకడం కష్టం, రోడ్లు మూస్తారు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకింది ఈ ఊరినే. ఆ నెలల్లో రద్దు చేసుకుంటే అడ్వాన్సు తిరిగిచ్చే లాడ్జీనే చూసుకోవాలి.

అధికారులకు మూడు మనవులు. రైల్వే స్టేషన్ బయట ఏ చోటుకు ఏ నంబరు బస్సో పెద్ద తెలుగు అక్షరాల్లో బోర్డు పెట్టండి. బీచ్‌లో ప్రమాదకరమైన చోట్ల రోజూ ఉదయమే ఎర్రజెండాలు పాతండి. రాస్ హిల్ దగ్గర ఆ రోజు ఏ వేళకు ఏ ఓడ లోపలికి వస్తుందో ఒక పలక మీద రాసి ఉంచండి.

ఇట్లు,
విశాఖ పాఠకులు