దసరా చీరలు ఆలస్యమవుతాయి, కారణం ఇదీ

అక్కలకు, అన్నలకు నమస్కారం. దసరాకు ఇస్తానని అడ్వాన్సు తీసుకున్న ఏడు పోచంపల్లి ఇక్కత్ (పోగులకు ముందే రంగులద్ది నేసే) చీరలు అప్పటికి ఇవ్వలేను. మొన్నటి వానలకు గట్టుప్పల్‌లోని మా ఇంట్లో మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలోకి నీళ్లు ఊరాయి. తెల్లారి లేచి చూస్తే తొక్కుడు కర్రలు మునిగి ఉన్నాయి, మగ్గం మీది పట్టు పడుగుకు (నిలువు పోగులకు) బురద పట్టింది. ఆరబెట్టి చూశాం, పోగులు నిలవలేదు. కోసి తీసేశాం.

రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఫోన్ మోగితే మీలో ఎవరోనని టెన్షన్. అప్పుడు అమ్మ అటక మీది మూట దించి నా ముందు పెట్టింది. "పడుగు వోతే వోయింది బిడ్డా, పేక ఉంది గదా" అన్నది. మూటలో ఉన్నది ఆ పేకే, చీరకు అడ్డంగా నేసే పోగులు.

మీ చీరల్లో పడుగు సాదాది, ఒకే రంగు. డిజైనంతా పేకలోనే ఉంటుంది. ఆసు పోసి (పోగును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి), గీతలు గీసి, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు రబ్బరుతో బిగించి చిటికి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టాలి. అమ్మానాన్నలు నెలపాటు కూర్చుని చేసిన పని అది. దాని మీద ఒక్క చుక్క పడలేదు. భుజాలు పడిపోయేలా చేత్తో ఆసు పోసిన మనిషి మా అమ్మ (1999లో చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేశాకే మా ఇళ్లలో ఆడవాళ్లకు ఆ బాధ తగ్గింది). ఏది పోయిందో, ఏది మిగిలిందో ఆమెకు తెలిసినంత నాకు తెలియదు.

నష్టం చిన్నదేమీ కాదు. పడుగు డబ్బులు, నెల కూలి పోయాయి. కానీ ఆ మూట చూసిన రోజు నుంచి రాత్రి నిద్ర పడుతోంది.

ప్రింటు చీరలు తెచ్చి ఇచ్చెయ్యమని ఒకరు సలహా ఇచ్చారు. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన పోచంపల్లి ఇక్కత్ పేరుతో ఆ పని నేను చెయ్యను. మీరూ ఎక్కడ కొన్నా చీర తిరగేసి చూడండి. నేతలో వచ్చిన డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచులు కొంచెం అలుక్కున్నట్టు కనిపిస్తాయి.

గుంట చుట్టూ ఇటుకలతో గట్టు కట్టాం. కొత్త పడుగు వచ్చింది. బూడిద అద్దుకుంటూ మగ్గంలో మిగిలిన పాత కొసలకు ఒక్కో పోగూ అతుకుతున్నాం. మొదటి చీర కార్తీకంలో పెళ్లి ఉన్న చెల్లెకు, మిగతావి వరుసగా కార్తీక పౌర్ణమిలోపు. డబ్బు వెనక్కి కావాలంటే మొహమాటపడకండి, ఇప్పటికే ఇద్దరికి పంపాను. ఈ రాత్రికి సగం అతుకుడు అవుతుంది, రేపు ఫోటో పెడతాను.