కార్యదర్శి వార్షిక నివేదిక 2024–25: ఈ ఏడాది అన్నం లెక్క

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక ఇవ్వాలని మన నియమావళిలో ఉంది కాబట్టి రాస్తున్నాను. నియమం లేకపోయినా ఈసారి రాసేవాడినే, ఎందుకంటే ఈ ఏడాది ఎవరు ఎంత కష్టపడ్డారో అందరికీ తెలియాలి. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

పెళ్లిళ్లలో మిగిలిన అన్నం తెచ్చి ఆకలితో ఉన్నవాళ్లకి పెట్టే మన పని మీకు తెలిసిందే. 2024 వేసవిలో మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయాయి, అందుకని ఏప్రిల్ చివరి నుంచి మనకూ పెద్దగా పని లేదు. శ్రావణంలో మళ్లీ మొదలైంది. కార్తీకం, మార్గశిరం, మాఘం, ఫాల్గుణం ముహూర్తాల్లో మాత్రం రాత్రి పన్నెండు దాకా ఫంక్షన్ హాళ్ల చుట్టూ తిరిగి, మిగిలిన అన్నం, పప్పు, కూరలు తెచ్చి పెద్దాసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకి, బళ్లారి చౌరస్తా వైపు రోడ్డు పక్కన పడుకునే కూలీలకి పెట్టాం.

మొదట కృతజ్ఞతలు. రాత్రి పది దాటాక డీజిల్ డబ్బులు తప్ప రూపాయి తీసుకోని బుధవారపేట ఆటో అన్నకి, ఎన్ని హాట్ బాక్సులు తెచ్చి పడేసినా తెల్లారేసరికి కడిగి ఆరబెట్టే సి క్యాంప్ అక్కకి, "సార్, ఇక్కడ ఇంకో డేగిసా ఉంది, తొందరగా రండి" అని ఫోన్ చేసే హాళ్ల వాచ్‌మన్లకి, పరీక్షలు ఉన్నా మానకుండా వచ్చిన నలుగురు డిగ్రీ పిల్లలకి సంఘం ఎప్పటికీ రుణపడి ఉంటుంది. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర ఊళ్లోకి వచ్చినప్పుడు మిద్దెల మీద కూర్చుని పొట్లం కోసం చేయి చాచిన ఊరు మనది, ఆ రాత్రి చూసినవాళ్లే ఇప్పటికీ ఈ పనిలో ముందుంటున్నారు.

ఇక ఈ ఏడాది నేను గట్టిగా చెప్పుకోవాలనుకున్నది మాఘమాసంలో జరిగిన ఒక పెళ్లి గురించి.

అది మన సభ్యుడి కూతురి పెళ్లి. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయను. అబ్బాయిది డాలస్‌లో ఉద్యోగం. క్యాటరింగ్ మాస్టర్ రాసిచ్చిన మొదటి లిస్టులో ముప్పై రెండు ఐటమ్స్ ఉన్నాయి, అందులో స్వీట్లే నాలుగు, అన్నాలు మూడు రకాలు, ఇవి కాక చాట్ కౌంటర్, దోసె కౌంటర్. తగ్గించమని అడిగితే మన సభ్యుడు "వియ్యంకుల ముందు తల ఎత్తుకోలేనన్నా" అన్నాడు. ఆ భయం ఉత్తదేం కాదు, ఈ ఊళ్లో పెళ్లయ్యాక వారం పాటు మాట్లాడుకునేది భోజనం గురించే. నాలుగు సాయంత్రాలు వాళ్లింట్లో కూర్చున్నాం. చివరికి ఒప్పించింది మేం కాదు, ఆ సభ్యుడి అమ్మ. "నా పెళ్లికి జొన్నరొట్టె, పప్పు, ఓళిగ పెట్టినారు, ఎవురూ ఆకలితో పోలేదు" అని ఆమె ఒక్క మాట అంది, అంతటితో లిస్టు పదకొండుకి వచ్చింది.

బఫే తీసేసి బంతి భోజనం పెట్టాం. ఓళిగ (బొబ్బట్లు), కొర్రన్నం, గుత్తొంకాయ, పప్పు, ఉలవచారు, పెరుగు, ఇలా. వడ్డించే పిల్లలకి ఒకటే చెప్పాం: అడిగి వెయ్యండి, అడక్కుండా ఆకులో పడెయ్యొద్దు. కావాలన్నవాళ్లకి ఎన్నిసార్లయినా వేశారు, ఎవరికీ తక్కువ కాలేదు. ఆకులు ఎత్తేటప్పుడు ఎంగిలంతా విడిగా నీలం డ్రమ్ముల్లో వేయించాం. అంతకుముందు వారం అదే హాల్లో, దాదాపు అంతేమంది వచ్చిన పెళ్లిలో ఇలాగే చూస్తే ఐదు డ్రమ్ములు నిండాయి. ఈ పెళ్లికి ఒకటిన్నర. ఆ డ్రమ్ముల పక్కన నిలబడి క్యాటరింగ్ మాస్టర్ చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఫోన్ తీసి ఫోటో తీసుకున్నాడు.

ఇక్కడే నాకు ఇన్నేళ్లుగా తట్టని విషయం ఒకటి తెలిసింది. మనం మోస్తున్నదంతా గిన్నెలో మిగిలింది. ఆకులో మిగిలిందాన్ని మనం ఏమీ చెయ్యలేం, దాన్ని ఇంకొకరికి పెట్టలేం. ఆకులో మిగిలేదే ఎక్కువ అని ఆ డ్రమ్ములు చూశాక గానీ అర్థం కాలేదు. ఆటోలు పెంచితే, హాట్ బాక్సులు పెంచితే సరిపోతుందని ప్రతి ఏడాదీ నివేదికలో రాస్తూ వచ్చాను, అది సగం మాటే.

లోకం లెక్క చూసినా ఇలాగే ఉంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 మార్చిలో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం పారేసిన తిండి 105 కోట్ల టన్నులు. అందులో దుకాణాల వాటా 13 కోట్ల టన్నులు, హోటళ్లు, క్యాటరింగ్ లాంటివి 29 కోట్లు, మిగిలిన 63 కోట్ల టన్నులు ఇళ్లలోనే పోయింది. ఫ్రాన్స్‌లో 2016లో చట్టం చేశారు, 400 చదరపు మీటర్లు దాటిన సూపర్ మార్కెట్లు అమ్ముడుపోని తిండిని పాడుచెయ్యకుండా సేవాసంస్థలకి ఇవ్వడానికి ఒప్పందం చేసుకోవాలి. మంచి చట్టం, మనకూ అలాంటిది కావాలి. కానీ అదీ గిన్నెలో మిగిలిందాని గురించే.

మనం పంచలేకుండా పోయే తిండి ఇంకో రకంగా కూడా ఉంది, ధనిక దేశాల సంగతి అక్కడే వస్తుంది. పొలాల్లో పండే కేలరీల్లో మూడో వంతు దాకా మనుషుల కంచానికి రాదు, పశువుల, కోళ్ల, పందుల దాణాకి పోతుంది. అమెరికాలో మనిషికి ఏడాదికి 100 కిలోలకి పైగా మాంసం లెక్క వస్తుంది, మన దేశంలో అది 10 కిలోల లోపే. మొక్కజొన్న పండించడంలో అమెరికాదే మొదటి స్థానం, దాంట్లో మూడో వంతుకి పైగా కార్ల ఇంధనంలో కలిపే ఇథనాల్‌కి వెళ్తుంది. ఈ గింజల్ని ఏ హాట్ బాక్సులో పెట్టి ఎవరికి పంచుతాం? 2022లో ఊబకాయంతో ఉన్నవాళ్లు ప్రపంచంలో 100 కోట్లు దాటారు, 2023లో కడుపునిండా తిండి లేనివాళ్లు దాదాపు 73 కోట్లు. పంట తక్కువై కాదు, పంట ఎటు పోవాలో జేబు నిర్ణయిస్తోంది.

అలాగని అంతా అమెరికా మీద తోసేసి కూర్చుందామా అంటే అదీ కుదరదు. ఆ ఐక్యరాజ్యసమితి నివేదికలోనే ఇళ్లలో పారేసే తిండి విషయంలో ధనిక దేశాలకీ మధ్యస్థ ఆదాయ దేశాలకీ సగటున మనిషికి 7 కిలోలే తేడా అని రాశారు. మన దేశంలో మనిషికి ఏడాదికి 55 కిలోలు. బియ్యం, మొక్కజొన్న ఇథనాల్‌కి పోవడం మన దగ్గరా మొదలైంది. పత్తికొండలో టమాటాకి ధర పడిపోతే కోత కూలీ కూడా రాదని రోడ్డు పక్కన పారబోసి పోయే రైతుల్ని మనం ఎన్నిసార్లు చూశాం.

పెళ్లికొడుకు మైకులో రెండు నిమిషాలు మాట్లాడాడు, అది రాయకపోతే ఈ నివేదిక పూర్తి కాదు. 2023 జులై 20న మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది కదా, ఆ వార్త రాగానే డాలస్‌లో మనవాళ్లంతా టెన్షన్ పడి ఇండియన్ స్టోర్ల ముందు క్యూ కట్టారట, కొన్ని దుకాణాలు ఇంటికి ఒక బస్తానే అని బోర్డు పెట్టే దాకా వచ్చింది. ఈ అబ్బాయి ఒక్కడే ఉండే ఇంటికి తొమ్మిది సోనామసూరి బస్తాలు తెచ్చి గ్యారేజీలో పెట్టుకున్నాడు. మరుసటి ఏడాదికి సగం పురుగు పట్టింది. "ఆ బస్తాల మీద కర్నూలు అని రాసి ఉంది, అవి మా తాత పండించిన నేల బియ్యం, నేను చెత్తలో వేశాను" అని చెప్పి ఆగిపోయాడు. హాల్లో చప్పుడు లేదు.

ప్రపంచ మార్కెట్లోకి వచ్చే బియ్యంలో దాదాపు 40 శాతం మన దేశానిదే. ఆ నిషేధం వచ్చిన మరుసటి నెలకి అంతర్జాతీయ బియ్యం ధర పదిహేనేళ్లలో ఎన్నడూ లేనంత పెరిగింది. మన బియ్యం మీద ఆధారపడే బెనిన్, సెనెగల్ లాంటి ఆఫ్రికా దేశాల్లో కొనుక్కు తినే పేదవాడికి గ్యారేజీ లేదు, ముందే తొమ్మిది బస్తాలు కొనే డబ్బూ లేదు. నిషేధం 2024 సెప్టెంబర్ చివర్లో ఎత్తేశారు. ఆ అబ్బాయిని తప్పు పట్టడానికి ఇదంతా రాయడం లేదు, నిండు సభలో తన తప్పు చెప్పుకున్నందుకు సంఘం తరఫున అతనికి ధన్యవాదాలు.

అక్టోబర్ 16న ప్రపంచ ఆహార దినం రోజు సమావేశం కూడా పెట్టాం. మన రిటైర్డ్ చరిత్ర లెక్చరర్ గారు చాలా బాగా మాట్లాడారు. 1876–78 నాటి ధాత కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో జనం రాలిపోతుంటే, కరువు పనికి పోయిన మగవాడికి రోజుకి 450 గ్రాముల గింజలు, ఒక అణా కూలీ చాలని బ్రిటిష్ అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడని, అదే కాలంలో ఈ దేశం నుంచి గోధుమలు ఓడలెక్కి ఇంగ్లండ్ పోయాయని ఆయన చెప్పారు. 1866 కరువులో గంజి కేంద్రాలు పెట్టి వేలమందిని బతికించిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారి గురించి కూడా చెప్పారు. వినడానికి వచ్చింది పద్దెనిమిది మంది. కుర్చీలు వంద తెప్పించాం. గ్రూపులో ఆ పోస్టర్‌కి నమస్కారం బొమ్మలు పెట్టినవాళ్లు ఎంతమందో నేను లెక్కపెట్టాను, ఆ సంఖ్య ఇక్కడ రాయను.

ఆ రోజు ఒక సభ్యుడు లేచి "అమెరికా సంగతి మనకెందుకు, ఆదోని, కోసిగి సంగతి చూడండి" అన్నాడు. కోపం రాలేదు, అందులో నిజముంది. ప్రతి ఏడాదీ పడమటి ఊళ్ల నుంచి పిల్లాజెల్లతో గుంటూరు వైపు సుగ్గికి, అంటే కోత పనుల వలసకి, పోయే కుటుంబాల వెంట మనం ఒక్కసారి కూడా వెళ్లలేదు. కానీ ఆ రెండూ వేరు వేరు సంగతులని మాత్రం నేను ఒప్పుకోను. కేసీ (కర్నూలు–కడప) కాలువ కింద పండిన సోనా బియ్యం సముద్రాలు దాటి పోతుంటే, కోసిగి మనిషి ఆ బియ్యం కొనుక్కోవడానికి పరాయి చేలో మిరపకాయలు కోస్తున్నాడు.

లెక్కలు: ఆడిట్ అయింది. చందాలు, విరాళాలు జమ, డీజిల్, హాట్ బాక్సులు, డ్రమ్ములు ఖర్చు. కొద్దిగా మిగులు ఉంది. కోశాధికారి సమావేశంలో చదివి వినిపిస్తారు, కాగితాలు ఎవరైనా చూడొచ్చు.

బాధ కలిగించినవి రెండు. ఆసుపత్రి దగ్గర వానకి తడవకుండా అన్నం పెట్టడానికి చిన్న రేకుల షెడ్డు కావాలని ఒక కార్యాలయానికి మూడు అర్జీలు ఇచ్చాం, ఐదుసార్లు తిరిగాం, ప్రతిసారీ కొత్త సార్, ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. మిగిలిన ఆహారం పంచేవాళ్లకి 2019లోనే కేంద్రం నిబంధనలు తెచ్చింది, వాటి ప్రకారమే నడుచుకుంటామన్నా ఆ కాగితం మీద సంతకం పడలేదు. రెండోది మన ఇంటి సంగతి. డ్యూటీ చార్టులో పేరు రాయించుకుని ఆ రాత్రి ఫోన్ ఆపేస్తే, నలభై దాటిన ఇద్దరం పెద్ద డేగిసాని మూడో అంతస్తు నుంచి దించాల్సి వచ్చింది. ఫాల్గుణంలో ఒక రాత్రి మనిషి లేక ఒక హాలుకి వెళ్లలేకపోయాం, పొద్దున్నే వాచ్‌మన్ ఫోన్ చేసి అంతా కాలువలో పోశారని చెప్పాడు. రానివాళ్లు రాలేనని ముందే చెబితే చాలు, ఇంకొకరిని చూసుకుంటాం.

వచ్చే ఏడాదికి కార్యవర్గం అనుకున్నది ఇది: మన సభ్యుల ఇళ్లలో జరిగే ప్రతి శుభకార్యానికి నెల ముందే వెళ్లి లిస్టు గురించి మాట్లాడటం, ఒప్పుకున్నవాళ్లకి బంతి వడ్డనకి మన పిల్లల్నే పంపడం, ప్రతిచోటా డ్రమ్ములు చూసి రాసుకోవడం. ఆ క్యాటరింగ్ మాస్టర్ ఇప్పటికే మరో రెండు పెళ్లిళ్ల వాళ్లకి మన నంబర్ ఇచ్చాడు. సుగ్గి మొదలయ్యేలోపు కోసిగి వెళ్లి రావడానికి ఎవరు వస్తారో సమావేశంలోనే పేర్లు ఇవ్వండి.

శ్రావణం ముహూర్తాల డ్యూటీ చార్టు ఆ రోజే రాస్తాం. హాట్ బాక్సులు ప్రస్తుతం మా ఇంట్లో ఉన్నాయి, రెండింటికి మూతలు మార్చాలి, నీలం డ్రమ్ములు సి క్యాంప్ అక్క వాళ్ల వాకిట్లో ఉన్నాయి, వాటిని తీసుకెళ్లడానికి ఆదివారం పొద్దున ఇద్దరు మనుషులు కావాలి.

మీ కార్యదర్శి,
కర్నూలు