కోడింగ్‌ని సైన్స్ పీరియడ్‌లోకి రానివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పిల్లలకి కోడింగ్ నేర్పాలని ఈమధ్య అందరూ అంటున్నారు, మంచిదే, కానీ దాన్ని కంప్యూటర్ పీరియడ్‌కే పరిమితం చేసేస్తున్నారు, అదే నా బాధ. స్క్రాచ్ అనే పిల్లల ప్రోగ్రామింగ్ భాషలో పిల్లి బొమ్మని అటూ ఇటూ నడిపించడం, మ్యావ్ అనిపించడం, అంతటితో సరి. అదే స్క్రాచ్‌ని సైన్స్ టీచర్ చేతికిస్తే ఎంత పని జరుగుతుందో చూడండి.

బంతి పైనుంచి కింద పడటానికి ప్రోగ్రామ్ రాయమంటే ఎవరికైనా మొదట తట్టేది, బంతి ఎత్తులోంచి ప్రతిసారీ ఓ 5 తీసేయడం. బంతి పడుతుంది, కానీ లిఫ్ట్ దిగినట్టు ఒకే స్పీడ్‌లో దిగుతుంది, ఇదేంటి ఇలా పడుతోంది అని చూసిన పిల్లలకే అనుమానం వస్తుంది. అప్పుడు వేగం అని ఒక వేరియబుల్ (విలువ మారుతూ ఉండే పేరు) పెట్టాలి, ప్రతి స్టెప్‌లో ముందు వేగం మారాలి, ఆ మారిన వేగంతో ఎత్తు మారాలి. త్వరణం అంటే ఏంటో బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్ళు కూడా ఈ రెండు లైన్ల దగ్గర ఆగి ఆలోచించాల్సిందే, ఎందుకంటే ఇక్కడ డెఫినిషన్ అప్పజెప్తే బంతి కదలదు.

ఇంకాస్త ముందుకెళ్తే అసలు మజా. సెకనులో పదో వంతు ఒక స్టెప్ అనుకుని, ప్రతి స్టెప్‌కీ వేగానికి 0.98 (గురుత్వ త్వరణం 9.8లో పదో వంతు) కలుపుతూ పోతే సెకను అయ్యేసరికి వేగం 9.8 వస్తుంది, పుస్తకంలో ఉన్నట్టే, కానీ పడిన దూరం మాత్రం 5.39 మీటర్లు చూపిస్తుంది, ఫార్ములా ప్రకారం 4.9 రావాలి. కంప్యూటర్ తప్పు చేయలేదు, స్టెప్ చివర్లో ఉండాల్సిన వేగాన్ని మనమే స్టెప్ మొత్తానికీ వాడేశాం. స్టెప్‌ని వందో వంతుకి తగ్గిస్తే 4.95 దాకా దిగుతుంది. వాతావరణ అంచనాలు వేసే పెద్ద మోడల్స్ కూడా కాలాన్ని ఇలాగే ముక్కలు చేసి లెక్కేస్తాయి, ఆ సంగతి ఇంత చిన్న ప్రోగ్రామ్‌తో అర్థమవుతుందంటే మాటలా!

అర్ధాయువు, అంటే రేడియోధార్మిక పరమాణువుల్లో సగం క్షీణించడానికి పట్టే కాలం, ఆ పాఠానికీ ఇది బాగా పనికొస్తుంది. 600 పరమాణువులు పెట్టి, ప్రతి రౌండ్‌లో ఒక్కోదానికి 1 నుంచి 6 లోపు ర్యాండమ్ నంబర్ ఇచ్చి, 1 వచ్చినవి తీసేయమంటే చాలు. ఫలానాది ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు, అయినా నాలుగు రౌండ్లయ్యేసరికి దాదాపు సగం పోతాయి, ఇంకో నాలుగు రౌండ్లకి మిగిలినవాట్లో సగం. రేడియోధార్మిక కార్బన్ అయిన కార్బన్-14 అర్ధాయువు 5730 ఏళ్ళు అని ఆ తర్వాత చెప్తే అది ఉత్త అంకెలా ఉండదు.

అలాగని ల్యాబ్ మానేయమని నేను అనను. స్క్రీన్ మీది బంతి మనం రాసిన రూల్ ప్రకారమే పడుతుంది, రూల్ తప్పైనా సరే. కాబట్టి నిజం బంతిని వదిలి ఫోన్‌లో వీడియో తీసి పోల్చి చూడాలి, ఉండ చుట్టని కాగితాన్ని కూడా వదిలి చూడాలి, అప్పుడు గాలి నిరోధం మన ప్రోగ్రామ్‌లో లేదని వాళ్ళే పట్టుకుంటారు.

కంప్యూటర్లు చాలవు అంటారు, నిజమే, అయితే క్లాసుకి ఒక్కటున్నా పిల్లలు చెప్తుంటే ఒకరు టైప్ చేయొచ్చు, అదీ లేకపోతే ఆ పది స్టెప్పులూ నోట్‌బుక్‌లో టేబుల్ గీసి చేయించొచ్చు. ఇదేం కొత్త ఆలోచన కూడా కాదు, పిల్లల కోసం లోగో భాష 1967లోనే వచ్చింది, 2007లో వచ్చిన స్క్రాచ్ అయితే పూర్తిగా ఉచితం.

కావాల్సింది సైన్స్ టీచర్లకి ఇందులో కాస్త ట్రైనింగ్, టైమ్‌టేబుల్‌లో కొంచెం వెసులుబాటు. బోర్డు మీద ఉన్న కోడ్‌ని ఉన్నదున్నట్టు దింపించే పద్ధతి మాత్రం వద్దండీ, దానివల్ల ఉపయోగం లేదు. మీ విద్యార్థుల పేజీలో వారానికో చిన్న ప్రోగ్రామ్, ఒక సైన్స్ ప్రశ్నతో కలిపి వేయండి, జవాబు మాత్రం ఆ వారం వేయకండి.

ఇట్లు,
ఒక సైన్స్ టీచర్