పీట వేసుకునేలోపే ఎత్తేశారు

సంపాదకుల వారికి,

డిసెంబరు 3 దివ్యాంగుల దినోత్సవం మర్నాడు మీ జిల్లా పేజీలో వేసిన ఫోటో గురించి ఈ ఉత్తరం. అప్పుడే రాద్దామని కూర్చున్నాను. మర్యాద తప్పుతోందని రెండుసార్లు చించేశాను, అందుకే ఇంత ఆలస్యం. ఫోటో అందరూ చూసే ఉంటారు. నాయకుడు గారు మా వీధి సర్కస్ మావయ్యని చంకల్లో చేతులేసి పైకెత్తారు, చుట్టూ ఉన్నవాళ్లు పళ్లికిలించారు, దాని కింద మీరు 'పొట్టివాడైనా గట్టివాడే' అని వేశారు. ఆయనకి అరవై రెండేళ్లండీ. ఇద్దరు మనవరాళ్లు.

ఆ సభలో నేను మూడో వరసలో ఉన్నాను. ఆయన ఎక్కడికెళ్లినా గుడ్డసంచిలో జానెడు ఎత్తు చెక్కపీట ఒకటి పట్టుకెళ్తాడు. బ్యాంకు కౌంటరు దగ్గరైనా, ఆస్పత్రిలో చీటీ రాసే కిటికీ దగ్గరైనా అదే ఆయనకి మెట్టు. ఆ రోజూ పేరు పిలవగానే పీట తీసి కుర్చీ ముందు వేసుకోబోయాడు. ఈలోపే ఎత్తేశారు. కాళ్లు గాల్లో వేలాడుతుంటే నవ్వాడు. ఆ నవ్వు మీ ఫోటోలో బ్రహ్మాండంగా పడింది. పాతికేళ్లు సర్కస్‌లో చేసినవాడికి జనం చూస్తుంటే మొహం దానంతటదే నవ్వేస్తుందట. ఇంటికొచ్చాక రెండు రోజులు గుమ్మం దాటలేదు.

జోకరంటే దొర్లిపడటమేగా అనుకుంటారు మనవాళ్లు. ఊయల ఫీటులో అందరూ చెయ్యి అందుకోవాలి, జోకరొక్కడు అందుకోకూడదు. వలలో వీపు మీదే పడాలి, కాళ్ల మీద పడితే విరుగుతాయి. ప్యాంటు జారిపోతున్నట్టు ఒక చేత్తో పట్టుకుంటూ చెయ్యాలి ఇదంతా. మన నాయకుల్లో ఎవరైనా ఒక్కసారి ఎక్కి చూపించమనండి.

1998లో కేంద్ర ప్రభుత్వం పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, కోతులతో సర్కసుల్లో ఆటలు ఆడించకూడదంది. 2001లో సుప్రీంకోర్టూ సరేనంది. మంచి పనే, కాదనను. ఆ సింహాలకి విశాఖలో, తిరుపతిలో కేంద్రాలు కట్టి, వేళకి మాంసం పెట్టి సాకారు. డేరాలు ఒక్కొక్కటే లేచిపోయాయి. మరి జోకర్లకి ఏ ఊళ్లో కట్టారు కేంద్రం? ఈయన హైదరాబాదు కృష్ణానగర్ చేరి, రోజు బేటాకి సినిమాల్లో ఎలుగుబంటి తోలు తొడుక్కున్నాడు, చిన్నపిల్లలకి డూప్‌గా గోడలు దూకాడు. నేను మన విజయవాడ గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూటర్ దగ్గర ముప్ఫై ఏళ్లు రీలు డబ్బాలు లెక్క చూసినవాణ్ణి. టైటిల్స్‌లో ఆయన పేరు ఒక్కసారీ కనపడలేదు. పేరున్నవాళ్ల సంగతీ అంతే. విఠలాచార్య సినిమాల వీరయ్య గారు వందల సినిమాలు చేసి 2021 ఏప్రిల్‌లో పోయారు. ఆయన ఇంటిపేరు గట్టు. పొట్టి వీరయ్య అందరికీ తెలుసు, గట్టు వీరయ్య ఎవరికి తెలుసు? 1989లో 'విచిత్ర సోదరులు'లో కమల్ హాసన్ మోకాళ్లు మడిచి మరుగుజ్జుగా చేస్తే ఎలా చేశాడబ్బా అని ఇప్పటికీ చెప్పుకుంటాం. మడవక్కర్లేని వాళ్ల గురించి ఎవడు చెప్పుకున్నాడు?

ఇక మావయ్య దివ్యాంగుల సర్టిఫికెట్ భాగోతం. 1995 వికలాంగుల చట్టంలో మరుగుజ్జుల ఊసే లేదు. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాల్లో చేర్చారు, ఎత్తు 147 సెంటీమీటర్లు మించకూడదని. ఈయన మూడున్నర అడుగులు. చూస్తే తెలియదూ? నాలుగుసార్లు తిప్పారు. గోడకి కొట్టిన కొలబద్ద నాలుగడుగుల దగ్గర మొదలవుతుందట. చివరికి ఎవరో దర్జీ టేపు తెప్పించి కొలిచారు. ఇచ్చిందీ తాత్కాలికమే, గడువయ్యాక మళ్లీ రమ్మన్నారు. ఈలోగా ఎదుగుతాడని కాబోలు.

అదే చట్టంలో 92వ సెక్షను కూడా ఉంది. నలుగురిలో దివ్యాంగుల్ని కావాలని అవమానిస్తే ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు. నాయకుడు గారు కావాలని చెయ్యలేదు, ప్రేమకొద్దీ ఎత్తారు, తెలుసు. అంత ప్రేమే ఉంటే ఆ వేదికకి ర్యాంపు వేయించేవారు. చక్రాల కుర్చీల వాళ్లకి శాలువాలు కిందే కప్పి పంపించారు, ఆ ఫోటో మీరు వెయ్యలేదు. ఒకప్పుడు మీ పేపర్లో వాక్యం అచ్చుకెళ్లేముందు చదివే మనిషంటూ ఉండేవాడు. ఇప్పుడు ప్రాస కుదిరితే చాలు, అచ్చయిపోతోంది.

ఇంతకీ ఫోటో కింద నాయకుడు గారి పేరు, పక్కన చప్పట్లు కొట్టినవాళ్ల పేర్లు హోదాలతో సహా ఉన్నాయి. ఈయన మాత్రం 'సర్కస్ కళాకారుడు'. పోనీ నేను రాస్తాను మావయ్యా అంటే, "నువ్వెందుకు రాయడం, ఫోటో తీసినవాణ్ణే వచ్చి అడగమను" అన్నాడు. మీ విలేకరిని పంపించండి. సాయంత్రాలు అరుగు మీదే ఉంటాడు.

ఇట్లు,
ఒక పాత పాఠకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ