బొడోనీని వెడల్పు పాళీతో రాసిన మిత్రుడికి

ప్రియ మిత్రమా,

నువ్వు ఒక పదం రాసి పంపిన ఫోటో అందింది. బొడోనీ అనే పాత ఇటలీ అచ్చక్షరాలను ఎదురుగా పెట్టుకొని మూడు సాయంత్రాలు కూర్చుని రాసినా అక్షరాల్లో ప్రాణం లేదని, తప్పెక్కడుందో దాచకుండా చెప్పమని అడిగావు కనుక మొహమాటపడకుండానే చెబుతున్నాను. నీ చేతికి వంక పెట్టనవసరం లేదు. ఆ అక్షరాలకూ, అంచు చదునుగా ఉండే నీ వెడల్పు పాళీకీ జాతకాలు కలవలేదు, అంతే.

ఫోటోను పెద్దది చేసి చాలాసేపు చూశాను. నీ ఇంగ్లీషు ‘ఏ’ (A) అక్షరానికి కాళ్ళు రెండూ ఒకే లావున వచ్చాయి. ఎడమ కాలిని సన్నం చేయడానికి తెల్ల రంగు పూసి దిద్దిన జాడ కూడా కనబడుతోంది. బొడోనీలో అడ్డగీతలు వెంట్రుకల్లాగా, నిలువుగీతలు స్తంభాల్లాగా ఉంటాయి గనుక, ఆ తేడా రావాలని నువ్వు పాళీ అంచును పంక్తికి సమాంతరంగా, అంటే సున్నా డిగ్రీల కోణంలో పట్టుకున్నావు. అలా పట్టుకుంటే అడ్డగీత సన్నబడుతుంది, నిలువుగీత పాళీ వెడల్పునంతా తీసుకుంటుంది. అంతవరకూ నీ లెక్క సరైనదే. కాని ‘ఏ’ కాళ్ళు రెండూ నిలువుకు అటొకటి ఇటొకటి ఒకే వాలులో ఉంటాయి కాబట్టి సున్నా కోణంలో వాటి లావు సమానంగా రాక తప్పదు. అదే పాళీని 30 డిగ్రీలకు తిప్పితే కుడి కాలు దాదాపు పూర్తి వెడల్పుకు వస్తుంది, ఎడమ కాలు అందులో సుమారు మూడింట రెండు వంతులకు తగ్గుతుంది. అప్పుడు అక్షరం నడిచి వస్తున్నట్టు ఉంటుంది గాని, అది బొడోనీ కాదు, అంతకు మూడు శతాబ్దాల ముందు వెనిస్‌లో పోత పోసిన అక్షరాల చుట్టం.

జంబత్తిస్తా బొడోనీ ఇటలీలోని పార్మాలో అక్షరాలు తయారుచేసిన కాలానికి చక్కటి చేతిరాత అంటే సూదిలా కొనదేరిన మొన పాళీతో రాసినదే. మొన పాళీని నొక్కితే దాని రెండు చీలికలూ విడిపోయి గీత లావెక్కుతుంది, ఒత్తిడి తగ్గిస్తే సన్నబడుతుంది. వెడల్పు పాళీలో లావును నిర్ణయించేది గీత సాగే దిశ, మొన పాళీలో నిర్ణయించేది వేలి ఒత్తిడి. ఆయన పోయిన ఐదేళ్ళకు, 1818లో, ఆయన భార్య వెలువరించిన అక్షర నమూనాల గ్రంథంలోని పుటలను చూస్తే ఈ రెండో పద్ధతి ఎంత దూరం వెళ్ళగలదో తెలుస్తుంది. కాబట్టి నీకు బొడోనీయే కావాలనుకుంటే మొన పాళీ తీసుకో, లేదా పెన్సిల్‌తో అంచులు గీసి లోపల సిరా నింపు. రెండోది కాలిగ్రఫీ కాదు, లెటరింగ్. రాయడం వేరు, బొమ్మలా కట్టడం వేరు. అందులో చిన్నతనమేమీ లేదు.

ఇక్కడే ఒక తమాషా ఉంది. అదే బొడోనీలో పెద్దబడి (క్యాపిటల్) ‘ఎన్’ను చూడు. నిలువుగీతలన్నీ లావుగా ఉండే ఆ కుటుంబంలో ‘ఎన్’ నిలువుగీతలు రెండూ సన్నం, మధ్యలో వాలుగీత ఒక్కటే లావు. ఒత్తిడి తర్కంతో చూస్తే పైనుంచి కిందికి దిగే గీత లావెక్కాలి కదా! అలా లేకపోవడానికి కారణం, వెడల్పు పాళీ, చదును కుంచె పట్టిన పూర్వికులు ‘ఎన్’ దగ్గరికి వచ్చేసరికి పనిముట్టును బాగా నిటారుగా తిప్పి ఆ రెండు గీతలను సన్నంగా లాగేవారు. పనిముట్టు మారిపోయింది, అలవాటు మాత్రం లోహంలోకి కూడా దిగిపోయింది. మన ఇళ్ళలో ఎవరికీ కారణం తెలియకుండానే సాగిపోయే ఆచారాల్లాంటిదే ఇదీ.

అందుకే నేను ఏ పాత టైప్‌ఫేస్‌ను (అచ్చక్షరాల రూపాన్ని) ఎదురుగా పెట్టుకున్నా, ముందు దాని ఆకారాన్ని కాక, దాని వెనక ఏ పనిముట్టు ఉందో వెతుకుతాను. ఈ బుద్ధి నాకు మొదట్లోనే పుట్టలేదు. మొదటి ఏడాదంతా ట్రేసింగ్ కాగితం మీదే గడిపాను. కింద నమూనా ఉన్నంతసేపూ నా గీతలకు తిరుగులేదు, నమూనా తీసేసిన మరుక్షణం ‘ఆర్’ కాలు ఎక్కడ మొదలవుతుందో కూడా గుర్తుండేది కాదు. ఇప్పుడు ఒక అక్షరాన్ని అరచేతి అంత పెద్దది చేసుకొని ఒక్కసారి మాత్రం ట్రేస్ చేసి, ఆ కాగితాన్ని బోర్లించి, జ్ఞాపకం నుంచి గీసి, తర్వాత రెంటినీ పక్కపక్కన పెడతాను. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ నా కన్ను నిద్రపోయిందన్నమాట.

జ్ఞాపకం కూడా పనికిరాని చోటు ఒకటుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైన అభ్యాసం అదే. రోములోని ట్రాజన్ స్తంభం పీఠం మీద క్రీ.శ. 113 నాటి ఆరు పంక్తుల శాసనం ఉంది. పెద్దబడి అక్షరాలకు అది మూలవిరాట్టు వంటిది. 1989లో కారల్ ట్వాంబ్లీ అడోబీ కంపెనీ కోసం ట్రాజన్ అనే టైప్‌ఫేస్‌ను దాని ఆధారంగానే రూపొందించింది. ఆ రాతిని ఏళ్ళ తరబడి పరిశీలించిన ఎడ్వర్డ్ కాటిచ్, అక్షరాలను ముందు చదును కుంచెతో రాసి ఆ మీదటే ఉలితో చెక్కారని, సెరిఫ్‌లు (గీతల చివర ఉండే చిన్న తోకలు) పుట్టింది కుంచె కదలిక వల్లేనని 1968లో వాదించాడు. ఆయన సైన్‌బోర్డులు రాసిన మనిషి కాబట్టి కుంచె ఎలా తిరుగుతుందో ఆయనకు చేతికి తెలుసు. అయితే ఆ శాసనంలో ‘హెచ్’ లేదు, ‘కే’ లేదు, ‘వై’, ‘జెడ్’ లేవు. ‘జె’, ‘యు’, ‘డబ్ల్యు’ అప్పటికి వేరే అక్షరాలుగానే లేవు. లేనివాటిని నువ్వే కట్టుకోవాలి. ‘కే’కు ‘ఈ’ లాగా ఎత్తులో సగం వెడల్పు ఇచ్చి, కాలును ‘ఆర్’ నుంచి అరువు తెచ్చుకో. ‘హెచ్’కు ‘ఎన్’ వెడల్పుకు దగ్గరగా ఇవ్వు. నేను మొదటిసారి కట్టిన ‘కే’ పక్కింటి నుంచి తప్పిపోయి వచ్చిన పిల్లాడిలా నిలబడింది. కాలు మరీ నిటారుగా పెట్టానని మర్నాడు గాని తెలియలేదు. ఉన్న అక్షరాన్ని పదిసార్లు దిద్దడం కంటే లేని అక్షరాన్ని ఒక్కసారి కడితే ఆ కుటుంబం పోలికలు బాగా పట్టుబడతాయి.

వెడల్పు పాళీకి సరిజోడు కావాలంటే వెనిస్‌కే వెళ్ళు. అక్కడి ముద్రాపకుడు నికోలస్ జెన్సన్ 1470లో వాడిన రోమన్ అక్షరాల్లో ‘ఓ’ లావు పక్కకు ఒరిగి ఉంటుంది. ఆ ఒరుగే పాళీ కోణం. అక్కడే పుస్తకాలు ప్రచురించిన ఆల్డస్ మనూషియస్ కోసం ఫ్రాన్‌చెస్కో గ్రిఫో చెక్కిన ఇటాలిక్ (వాలు అక్షరాల రూపం) 1501లో పుస్తకంగా వచ్చింది. అది అప్పటి చేతిరాతను చూసి చేసినదే కాబట్టి దాన్ని మళ్ళీ చేతికి తేవడం కష్టమే కాదు. అందులో చిన్నబడి అక్షరాలు వాలి ఉంటాయి గాని పెద్దబడివి నిటారుగా, పొట్టిగా నిలబడతాయి. నేనూ అలాగే రాసి చూశాను. పంక్తి మొదట్లో ఒక చిన్న కొయ్య పాతి దానికి తీగ అల్లినట్టు వచ్చింది. అన్నిటినీ ఒకే వాలులో వంచాలన్న నియమం తర్వాతి వాళ్ళు పెట్టుకున్నది.

సెరిఫ్ లేని అక్షరాల్లో పాళీ ఉండదని అనుకోకు. లండన్ భూగర్భ రైలు కోసం 1916లో ఎడ్వర్డ్ జాన్‌స్టన్ చేసిన అక్షరాల్లో చిన్నబడి ‘ఐ’ మీది చుక్క గుండ్రంగా ఉండదు, గాలిపటంలా మూలల మీద నిలబడుతుంది. వెడల్పు పాళీని కాగితానికి ఒక్కసారి తాకించి తీస్తే పడే చుక్క అదే. 1927 నాటి ఫ్యూచురా టైప్‌ఫేస్ మాత్రం స్కేలు, వృత్తలేఖిని బిడ్డలా కనబడుతుంది. దాంట్లోనూ ‘ఓ’ పైగీతనూ కింది గీతనూ కొద్దిగా దాటుతుంది, దాటకపోతే కంటికి పొట్టిగా తోస్తుంది. నీ ఫోటోలో గుండ్రటి అక్షరాలన్నీ గీతల మధ్య బుద్ధిగా ఇరుక్కుని ఉన్నాయి. వాటిని కాస్త దాటనివ్వు.

అక్షరాల మధ్య ఎడం గురించి ఒక్క మాట. సీసపు అక్షరానికి రెండు పక్కలా గోడలు ఉంటాయి, పొరుగున ఎవరు నిలబడ్డా అది పక్కకు కదలలేదు. నీ చేతికి ఆ గోడలు లేవు, అయినా ‘ఎల్’ పక్కన ‘ఏ’ వచ్చినప్పుడు అంత ఖాళీని ఎందుకు వదిలావు? ‘ఎల్’ అడుగుగీతను కుదించు. నీ పదంలో రెండుసార్లు వచ్చిన అక్షరం రెండుసార్లూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంది. అది సాధించడానికి నువ్వు పడ్డ శ్రమ నాకు అర్థమైంది గాని, ఐరోపాలో అచ్చు పనికి ఆద్యుడైన గూటెన్‌బర్గ్ అంతటివాడే తన బైబిల్ కోసం లేఖకుల పద్ధతిని అనుసరించి, ఒకే అక్షరానికి వేర్వేరు వెడల్పులూ జంట అక్షరాలూ కలుపుకొని దాదాపు 290 రకాల అచ్చులు పోయించాడు. యంత్రం చేతిని అనుకరించడానికి అంత తాపత్రయపడితే, మనం చేత్తో యంత్రాన్ని అనుకరిస్తున్నాం!

అదే పదాన్ని ఈసారి చిన్నబడిలో, జెన్సన్‌ను ఒక గంటసేపు చూసి పుస్తకం మూసేసి, పాళీని 30 డిగ్రీల దగ్గర నిలిపి, చిన్నబడి ‘ఎక్స్’ అక్షరం ఎత్తు పాళీ వెడల్పుకు నాలుగున్నర రెట్లు ఉండేలా గీతలు గీసుకొని రాసి పంపు. బాగా రానివి కూడా పంపు, బాగున్నవి మాత్రమే ఏరి పంపితే నాకు చెప్పడానికేమీ ఉండదు. ఆ తెల్ల రంగు సీసాను మాత్రం అంతవరకు అటక మీద పెట్టు.

నీ మిత్రుడు